వెనక్కి తిరిగే ముందు చక్రాలు

షెడ్డులో జాకీల మీద పాత ఇల్లుబండి. చిన్నదే అయినా లోపల మంచం, పొయ్యి, రెండు దుప్పట్లు అన్నీ సర్ది ఉన్నాయి. బండి కింద వెల్లకిలా తమ్ముడు, స్టీరింగు దగ్గర అక్క.

"ఆపక్కా. ఇంజను ఆపేయ్."

"ఏమైందిరా?"

"ఇంకేం కావాలి? వెనక చక్రాలు ముందుకి తిరుగుతున్నాయి, ముందు చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి. ఎద్దు ఎండకి లాగితే దున్న నీడకి లాగిందట."

"అంటే కదలదా?"

"కదలదు. మొండిగా కదిలిస్తే గేర్లన్నీ పిండి పిండవుతాయి. నాలుగు చక్రాలూ లాగాలనే కదా, బావ ఆ తుక్కు జీపు యాక్సిల్ తెచ్చి దీనికి ముందువైపు వేసింది? అందులో చక్రాల్ని తిప్పే గేరు ముద్దని తలకిందులుగా బిగించాడు."

"సరిచెయ్యడానికి ఎంతసేపు?"

"అది కాదక్కా, అసలు బావ..."

"ఎంతసేపో చెప్పు ముందు."

"మొత్తం విప్పాలి. రెండు మూడు రోజులు."

"అన్ని రోజుల్లేవురా. మంచు మొదలైతే పై దారి మూసేస్తారు. మూశారంటే మళ్లీ ఎండాకాలమే."

"ఎండాకాలమే వెళ్లండి. కొండ మీద సరస్సు ఎక్కడికి పారిపోతుంది?"

"అదెక్కడికీ పోదు."

"మరి?"

"ఈ ఏడే వెళ్లాలి. ఇన్నేళ్లూ తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపుకుని, టీ కాచుకుని తాగి వెనక్కి వచ్చాం. పైదాకా వెళ్లొచ్చినవాళ్ల బండ్లన్నీ మీ బావే బాగుచేశాడు. వాళ్లు నీళ్లు ఇలా ఉన్నాయి, అలా ఉన్నాయి అని చెబుతుంటే వినడమే గానీ, ఒక్కసారి చూడలేదు. కాళ్లు పట్టుకుంటానురా, ఎలాగోలా కానివ్వు."

"ఏం మాటలక్కా అవి. చేస్తాలే, రాత్రీ పగలూ కూర్చుని చేస్తా. కానీ ఒకటి చెప్పు. ఇది బావే బిగించాడా?"

"ఇంకెవరు బిగిస్తారు?"

"నేను నమ్మను. స్పానరు పట్టుకోవడం నాకు నేర్పిందే ఆయన. ఏది విప్పినా ముందు పైవైపున తెల్లరంగు చుక్క పెట్టాలి, బిగించేటప్పుడు ఆ చుక్క పైకే చూడాలి. మర్చిపోతే మొట్టికాయ. నా నెత్తి సగం బావ మొట్టికాయలకే అరిగిపోయింది. దీనికీ చుక్క ఉంది, అరచేతంత. అది నేలని చూస్తోంది."

"చీకట్లో చూసుకోలేదేమో."

"ఇంత లైటు పెట్టుకునా?"

"తొందరలో ఏదో..."

"తొందరా? ఒక్క బోల్టు వదులు లేదు, ఒక్క వాషరు జరగలేదు. తొందరపడ్డ చెయ్యి కాదిది. అక్కా, ఇటు చూడు. ఏం దాస్తున్నావు?"

"నా దగ్గర దాచడానికి ఏముందిరా."

"అక్కా."

"తాగుతున్నాడు."

"ఎవరు?"

"మీ బావే. తాగి బిగించాడు. చాలా? ఇంక అడక్కు."

"బావా? ఎవరు పోయబోయినా గ్లాసు బోర్లించే మనిషి, బావ తాగడమేంటి?"

"మనుషులు మారతారు."

"ఎప్పట్నించి?"

"అడక్కన్నానా."

"అయితే ఈ బండి నేను ముట్టుకోను."

"ఒరేయ్, ఇప్పుడేగా చేస్తానన్నావు."

"అన్నాను. ఇప్పుడు అనను. అటు కొండ, ఇటు లోయ. తాగిన చేతికి స్టీరింగిచ్చి, పక్కన నిన్ను కూర్చోబెట్టి, చెయ్యూపి పంపించమంటావా? వీలైతే ఈ షాఫ్టు కూడా విప్పి పట్టుకుపోతా. అప్పుడు ఎవరూ ఎక్కడికీ వెళ్లరు."

"అంత పని చెయ్యకురా. ఇది లేకపోతే ఆ మనిషి పొద్దున్నే మంచం దిగడు. దీని కోసమే లేస్తున్నాడు, దీని కోసమే నాలుగు మెతుకులు తింటున్నాడు. నాకు భయంగా ఉందిరా."

గుమ్మంలో బావ. ఎప్పుడొచ్చాడో ఏమో, తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అక్క చెప్పింది నిజమేరా. తాగాను."

"ఎప్పుడు తాగావు బావా?"

"పొద్దున."

"ఇది బిగించింది పోయిన వారం."

"అప్పుడూ తాగాను."

"ఏం తాగావు?"

"ఏదో... ఉంటుందిగా. సీసా మీద చదవలేదు."

"వాసన రాదేం?"

"నువ్వేమన్నా పోలీసువట్రా? తాగానంటుంటే వినవేం? తిట్టేదేదో తిట్టి, పని మొదలుపెట్టు."

"ఇద్దరికీ ఒక్క అబద్ధం అతికినట్టు చెప్పడం రాదు. సరే బావా, నీ మాటే నిజం. ఈ స్పానరు అందుకో, నేను బయటికొస్తాను... బావా, ఇటు. నేనిటు ఉన్నాను."

"ఆ, చూశాన్లే."

"ఇంకా ఇటు బావా."

"చాల్లేరా తమ్ముడూ. ఆపు ఇంక."

"ఎప్పట్నించక్కా?"

"ఏడాదిగా చూపు తగ్గుతూ వస్తోంది. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగిలింది. అదీ ఎండాకాలం దాకా ఉండదన్నాడు డాక్టరు. ఇద్దరు డాక్టర్లూ అదే అన్నారు."

"బండి కింద దూరితే కంటికి ఏమీ ఆనదురా. లైటు పెట్టినా అంతే. అంతా చేత్తో తడుముకుంటూ బిగించాను. బోల్టు చేతికి తగులుతుంది, రంగు తగలదు కదా."

"నాకు చెబితే ఏం పోయింది? నేను పరాయివాణ్నా?"

"నేనే వద్దన్నాన్రా. మీ బావ తాగాడంటే తిడతావు, తిట్టి బాగుచేసి పెడతావు అనుకున్నా. కళ్లు పోతున్నాయంటే జాలిపడతావు. జాలిపడి ఇంట్లో కూర్చోబెడతావు."

"కూర్చోబెట్టక ఏం చెయ్యమంటావక్కా? ఆ మలుపుల్లో చూపు లేకుండా బండెలా నడుపుతావు బావా?"

"నేను నడపడమేంట్రా? నడిపేది మీ అక్క. నేను కిటికీ పక్కన కూర్చుని, కనిపించినంతసేపు చూస్తాను."