చక్కెర ఎంత వేయమంటావు

కంటి ఆసుపత్రి నుంచి ఆవిడ నేరుగా పెట్టుబడుల సలహాదారు దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఈ నెలలో ఆపరేషన్ చేయించుకోకపోతే చూపు దక్కదన్నారు బాబూ. నా డబ్బు నాకిచ్చెయ్యి."

"పదేళ్ళ దాకా తీయడానికి వీల్లేదమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు."

"అంతకాలం నాకు డబ్బుతో పనిలేదని ఎవరు చెప్పారు?"

"మీ మరిదిగారే. వదినకేం ఖర్చులుంటాయి, ఒంట్లో కూడా బాగానే ఉందన్నారు. అదే రాసుకున్నాను."

"నా కళ్ళ సంగతి వాడికేం తెలుసు? నన్నొక్క మాట అడగకపోయావా?"

"నేను మీ ఇంటికొచ్చిన రోజు మీరు వంటింట్లో మాకు టీ పెడుతున్నారు కదమ్మా..."

"సంతకానికి మాత్రం బయటికి పిలిచావే!"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"చక్కెర ఎంత వేయమంటావని గుమ్మం దాకా వచ్చి నిన్నడిగాను బాబూ, నేను."