మంగీలాల్ నిద్ర

సకల జనుల సమ్మె అయిపోయిన ఏడాది. కేసముద్రం దగ్గరి తండాలో, నర్సింగు చదివే కళావతి, కాలేజీ పని మీద, చిన్నాన్న వరసయ్యే మంగీలాల్ గడపలో కూర్చుని నిద్ర సర్వే చేస్తోంది.

“చాలా మంచిగ, మంచిగ, సుమారు, ఖరాబు. గీ నాలుగిట్ల నీ నిద్ర ఏది, కాకా?”

“ఖరాబు. రాసుకో కళావతీ.”

“నడిజాముల లేస్తవా?”

“లేస్తనే ఉంట.”

“ఎందుకు? దగ్గా, ఉక్కపోతా, చెడ్డ కలలా?”

“అన్నీ. అన్నీ రాసుకో.”

“అన్నీ ఎట్లుంటయి కాక? పక్కన పండేటోళ్లను గూడ అడగమన్నది మా మేడం. సోమ్లి చిన్నమ్మా, కాక రాత్రి నిద్రపోతడా?”

“ఈయనా? తల వాలిస్తే కుంభకర్ణుడే. గురకకు మేకలు బెదురుతయి.”

“నువ్వు జర లోపలికి పో సోమ్లీ.”

“ఎందుకు పోవాలె? ఉన్నది చెప్తే తప్పా?”

“పో అంటే పో.”

“పోతున్న. నా రొట్టె మాడుతుంది.”

“నిద్ర పట్టుడు మంచిదే గద కాక. అబద్ధమెందుకు?”

“మంచిది కాదు బిడ్డ. నాకు నిద్ర పట్టొద్దు.”

“ఏమైంది?”

“బందునాడు సడక్ మీద రాళ్లు పెట్టి కూసున్నం. బండికి యాపమండ కడితే లోపల పానం బాగలేనోళ్లున్నట్టు, ఇడిచిపెట్టాలె. గది మేం పెట్టుకున్న కట్టుబాటే.”

“మరి?”

“పొద్దుగాల ఒకడు ఆటోకు యాపమండ కట్టి పత్తి దాటించిండు. నాకు మస్తు కోపమొచ్చింది. గంతల ఇంకో ఆటో వచ్చింది, మండ కట్టుకొని. డ్రైవర్ బతిమిలాడిండు. పరదా ఎత్తన్న సూడలే. మర్లగొట్టిన.”

“అండ్ల ఎవరున్నరు?”

“పక్కింటి భాగ్య. తల్లిగారింటి నుంచి నొప్పులతోని దవాఖానకు పోతుండె. సుట్టు తిరిగి పొయ్యేసరికి కడుపుల బిడ్డ దక్కలే.”

“అయ్యో, కాక.”

“తెలంగాణ కోసం కూసున్న, గది తప్పు కాదు. సూడకపోవుడు తప్పు. ఇగ నాకు కన్ను మూతపడదనుకున్న. పడుతుంది. సిగ్గులేని నిద్ర.”

“గని నేను ఉన్నదే రాయాలె.”

“భాగ్య ఇంటికి గూడ పోతవు గద. ఆమె నిద్ర పడుతలేదనే అంటది గావచ్చు. నీ కాయితంల ఆమెది ఖరాబు, నాది మంచిగ, పక్కపక్కకు ఉండొద్దు. నీకు దండం పెడుత.”

“భాగ్యక్క తాన్కి పొద్దుగాల్నే పోయొచ్చిన.”

“ఏమన్నది?”

“మంచిగ పడుతుందని రాయమన్నది. కండ్లు సూస్తే ఎర్రగున్నయి. ‘మంగీలాలన్నకు తెలిస్తే పరేషాన్ అయితడు, గట్లనే రాయి చెల్లె’ అన్నది.”