ఎత్తని బోనం

పాతబస్తీ దవాఖానలో, డాక్టరు గది ముందు, పూలమ్మే అత్త, ఆమె కోడలు బెంచీ మీద కూర్చున్నారు.

“కోస్తనంటే నేను లేచి ఇంటికి పోత బిడ్డా.”

“కోసుడు లేదత్తమ్మా. డాక్టరమ్మ చూసి, మొలలే అయితే వాటి మొదట్ల చిన్న రబ్బరు బ్యాండు వేస్తది. అది ఎండి రాలిపోతది. ఇయ్యాలనే ఇంటికి పోతం. రక్తం ఎప్పటి సంది?”

“బోనాల ముందు నుంచి.”

“అందుకేనా ముట్టయిందని బోనం ఎత్తకపోతివి?”

“చీరె మీద మరక నువ్వు చూసినవ్. ముట్టంటే ఇంకెవ్వరూ అడగరు. మొలలంటే మార్కెట్టంత నవ్వుతది.”

“ఆడోళ్లకు బాత్రూం లేని మార్కెట్ అది. పొద్దంత నీళ్లు తాగక కూసుంటివి. సిగ్గు మార్కెటోళ్లకుండాలె, నీకెందుకు?”

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

“డాక్టరమ్మ అడిగితే ఏం చెప్తవ్?”

“మొలలనే చెప్త. వచ్చే ఏడు బోనం నేనే ఎత్తాలె.”