పదకొండో అంశం గురించి నిజం

ఆగస్టు ముప్పై, శనివారం. నీళ్ళు పట్టడం, అయింది. మొక్కజొన్న పిండి జల్లించడం, అయింది. కోళ్ళ గూడు కడగడం, అయింది. చొక్కాలు ఆరు ఇస్త్రీ, అయింది. సభకు చికండా, అంటే దుంపపిండి వేరుశనగపిండి కలిపిన ముద్ద, ఉడికించడం, రెండు గిన్నెలు, అయింది. ఒకటి అడుగంటింది, అది వెనక వరుసలవాళ్ళకు. ప్రసంగం రాయడం, సగం.

క్షమించండి. ఇది కాగితం పై భాగం, మీకు చదివి వినిపించాల్సింది కింద ఉంది. రోజూ పనులు రాసుకునే పుస్తకంలోంచి ఈ పేజీ చింపుకొచ్చాను. (నవ్వులు)

సభకు అధ్యక్షత వహిస్తున్న మా శిక్షణ కేంద్రం ప్రిన్సిపాల్ బ్రిజెట్ నమ్వింగా గారికి, కానుకగా ఇచ్చిన గోడగడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లను ఎత్తుకున్నట్టు కూర్చున్న మా శిక్షకులు, ఈ సాయంత్రం ఐదింటికి పదవీ విరమణ చేయబోతున్న ఫిదేలిస్ కపాసా గారికి, కపిరి ఎంపోషి ఊరి పెద్దలకు, వర్క్‌షాప్ నుంచి చేతులు కడుక్కుని వచ్చిన మెకానిక్ తమ్ముళ్ళకు, కడుక్కోకుండా వచ్చిన ముబంగాకు, నాతోపాటు శిక్షణ తీసుకున్న పదిమందికి, నన్ను ఇక్కడికి పంపి తను వెనక కుర్చీలో తల దించుకు కూర్చున్న మా ఆయన చిబేసాకు నమస్కారాలు.

మీలో సగం మంది నన్ను బనా లుకొండే, అంటే మా పెద్దమ్మాయి లుకొండే తల్లిగానే ఎరుగుదురు. నా పేరు చిలెషె అని ఈ కేంద్రం హాజరుపట్టీలో ఎక్కేదాకా మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆ తల్లి ఒకప్పుడు ఇక్కడినుంచి సరిహద్దు దాకా పదకొండేళ్ళు లారీ నడిపిందని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. మా అత్తగారు మంచం పట్టినప్పుడు, మూడో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు తాళాలు కంపెనీకి ఇచ్చేసి ఇంటికి వచ్చాను. పద్నాలుగేళ్ళయింది. చిన్నవాడు హాస్టల్‌కి వెళ్ళాక, ఒక రోజు సామాన్ల తోపుడుబండిని ఇంటి వెనక సందులో వెనక్కి నడుపుతూ, ఒక్క గోడకీ తగలకుండా తిప్పుతూ, నాలో నేనే నవ్వుకుంటున్నానని గమనించాను. మర్నాడే ఇక్కడ పేరు రాయించాను.

పెద్ద లారీ నడిపే లైసెన్సు ఎప్పుడో చెల్లకుండా పోయింది కాబట్టి నాలుగు నెలల శిక్షణ మళ్ళీ మొదటినుంచి. లారీలు నేను వదిలినట్టు లేవు. మా కాలంలో గేరు మార్చడానికి మోచేతి బలం కావాలి. ఇప్పటి బండికి అసలు గేరు కడ్డీయే లేదు, స్టీరింగ్ పక్కన వేలెడంత పుల్ల ఉంది. మొదటి వారం నా ఎడమ చెయ్యి కడ్డీ కోసం వెతికి వెతికి, చివరికి పక్క సీట్లో ఉన్న కపాసా గారి మోకాలు పట్టుకుని మూడో గేరులో వేసింది. (నవ్వులు) చిబేసా, ఇది నీకు ఆ రోజే చెప్పాను, ఇప్పుడు కొత్తగా చూడకు.

కపాసా గారు మోకాలు వెనక్కి లాక్కుని అన్నది ఒక్కటే మాట: "అది ఇప్పుడు అరిగిపోయిందమ్మా, కొత్త బండి చూసుకో."

ఆయన గుణం అది. కోప్పడరు, మార్కులు మాత్రం వెయ్యరు. అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు ఈ సభలో చప్పట్ల కన్నా ఎక్కువ అవసరమైనది ఒకటి ఉంది. ఆయన సంతకం. సోమవారం తెల్లవారుజామున పంచదార బస్తాలతో సరిహద్దు ఊరు నకొండే వెళ్ళే లారీ ఉంది, ఆ సీటు నాది, కాని ఈ రోజు ఐదింటిలోగా నా పరీక్ష కాగితం మీద కపాసా గారి సంతకం పడితేనే. ఆయన తర్వాత వచ్చే శిక్షకులు అక్టోబరులో గాని రారు, కంపెనీ అక్టోబరుదాకా ఆగదు. పరీక్షకు మూడు అవకాశాలు. రెండు అయిపోయాయి. రెండుసార్లూ నేను ఒకే చోట తప్పాను. తనిఖీ పట్టికలో పదకొండో అంశం.

ఇక్కడ శిక్షణ పొందిన వాళ్ళందరికీ అది నోటికి వచ్చు. రానివాళ్ళ కోసం చదువుతాను. "ఇంజను బండిని ట్రైలర్‌కు తగిలించే ముందు, డ్రైవరు దిగి, ట్రైలర్ ముందు పలకను మూడుసార్లు తట్టి, 'ఓదీ' అనవలెను." (చప్పట్లు) వద్దు, చప్పట్లు ఆపండి. ఇది మీరు చప్పట్లు కొట్టే సంగతి కాదు. నేను నవ్వు ఆపుకోలేక రెండుసార్లు తప్పిన సంగతి.

పంతొమ్మిదేళ్ళ కిందట, రైల్వేలో పని పోయి, నలభై ఒకటో ఏట లారీ నేర్చుకోవడానికి మా కంపెనీకి ఒక పెద్దమనిషి వచ్చారు. రైలు పెట్టెలు కలిపే పనిలో ఇరవై ఏళ్ళ అనుభవం. ఆయనకు నేర్పించమని ఇరవై ఎనిమిదేళ్ళ నాకు అప్పగించారు. ఆయన పేరు ఫిదేలిస్ కపాసా. (హాల్లో కలకలం) అవును, ఈయనే. మీకు తెలియదు, ఆయన చెప్పుకోలేదు. నేను చెప్పలేదు, ఎందుకంటే నాలుగు నెలలుగా నాకు మార్కులు వేసేది ఆయన.

ఆ రోజుల్లో నేను ఏది చెప్పినా "మా రైల్వేలో అయితే ఇలా చేసేవాళ్ళం" అనేవారు. అద్దం చూడండి అంటే రైల్వే, బ్రేకు గాలి చూడండి అంటే రైల్వే. మూడో రోజు ఎండలో ట్రైలర్ తగిలించబోతూ మళ్ళీ రైల్వే ఎత్తారు. నాకు ఒళ్ళు మండింది. ముందుండే ఇంజను బండిని మేము గుర్రం అంటాం. నేను ముఖం చాలా గంభీరంగా పెట్టి అన్నాను: "కపాసా గారూ, మీరు ఎవరింటికైనా వెళ్తే బయట నిలబడి, లోపలికి రావచ్చా అని ఓదీ అంటారా లేదా?"

"అంటాను."

"లోపలివాళ్ళు కలిబు, రండి అనకుండా గుమ్మం దాటుతారా?"

"ఎవరు దాటుతారమ్మా, దొంగలు తప్ప?"

"మరి గుర్రాన్ని తీసుకెళ్ళి కొత్త ట్రైలర్ ఒంట్లోకి దూర్చేటప్పుడు ఆ మర్యాద అక్కర్లేదా? దిగండి. మూడుసార్లు తట్టండి. ఓదీ అనండి."

ఆయన దిగారు. తట్టారు. ఓదీ అన్నారు. నేను క్యాబిన్‌లో సీటు కింద తల పెట్టుకుని నవ్వాను. (నవ్వులు) తర్వాత నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆ వారమే ఆయన్ని వేరే మార్గానికి వేశారు, ఆ తర్వాత నేను ఇంటికి వచ్చేశాను, ఆయన ఇక్కడ శిక్షకులయ్యారు. నాలుగు నెలల కిందట నేను క్లాసులో కూర్చుంటే, గోడ మీద అచ్చు వేసిన పట్టికలో, బ్రేకులకూ లైట్లకూ మధ్యన నా అబద్ధం పదకొండో అంశమై నన్ను చూసింది. ఎన్ని వందలమంది ఇనుమును పలకరించి వెళ్ళారో లెక్క నేను చూడలేదు, చూడడానికి ధైర్యం చాలలేదు. పరీక్షలో పలక మీద చెయ్యి వేస్తే చాలు, నాకు నవ్వు. కపాసా గారు సున్నా.

ఐదింటికి మీరు వెళ్ళిపోతారు, కపాసా గారూ. సంతకం పెట్టినా పెట్టకపోయినా, నా అబద్ధాన్ని మీరు మూట కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. అది వేళాకోళం. అంతే. తప్పు నాది.

(హాలంతా నవ్వింది. కపాసా గారు నవ్వలేదు. ఇక్కడినుంచి జరిగినది కాగితంలో లేదు. ఇంటికి వచ్చాక గుర్తున్నంతవరకు రాసి చేర్చాను.)

కపాసా గారు గడియారాన్ని కింద పెట్టారు. "అంటే పంతొమ్మిదేళ్ళు," అన్నారు, "నేను రేకుతో మాట్లాడానా?"

నేను అవునన్నాను. నవ్వినవాళ్ళు నవ్వు మింగారు. ఆయన తన చేతివేళ్ళ కణుపులను చూసుకున్నారు. పద్నాలుగేళ్ళు ఇంట్లో అందరి ముఖాలూ చూసి వండినదాన్ని, బాధపడిన ముఖం నాకు తెలుసు. ఈ ప్రసంగం సగంలో ఆపి ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు వెనకనుంచి ముబంగా లేచాడు. "అక్కా, నువ్వు ఇంట్లో ఉన్నావు కాబట్టి నీకు తెలీదు. ఎండాకాలం మధ్యాహ్నం ఈ యార్డులో నీడ ఎక్కడుంటుంది? ట్రైలర్ కిందే. తిన్నాక ఎవడు ఎక్కడ పడుకుంటాడు?"

"నువ్వా?" అన్నారు ప్రిన్సిపాల్ నమ్వింగా గారు.

"మేడమ్, ఒక్కణ్ణే కాదు, పేర్లు మాత్రం అడక్కండి. రెండుసార్లు నేను నెత్తి మీద ఆ టకటక విని, 'ఆగండ్రా, ఉన్నాను' అని పాక్కుంటూ బయటికి వచ్చాను. పెద్దాయన తట్టకపోయి ఉంటే ఈ పాటికి నా పింఛను మా ఆవిడ తీసుకునేది."

"డ్యూటీ టైములో పడుకున్నావన్నమాట," అన్నారు ఆమె.

"ప్రాణం గురించి చెప్తుంటే టైము గురించి అడుగుతారేంటి మేడమ్?"

ఇప్పుడు కపాసా గారు నవ్వారు, మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో. లేచి నా దగ్గరకు వచ్చారు. "అయితే ఆ నియమం నీది," అన్నారు.

"నాదే."

"నీ నియమంలో నువ్వే రెండుసార్లు తప్పావు."

"నవ్వు వచ్చి, గురువుగారూ."

"నవ్వినందుకు సున్నా వేశాననుకున్నావా? నవ్వుతూ తడితే ఇనుముకేం తెలుస్తుంది? నువ్వు తట్టావు, ఓదీ అన్నావు, జవాబు వినకుండా ఎక్కేశావు. ఎవరింట్లో నేర్చుకున్నావమ్మా ఆ పద్ధతి?"

చిబేసా వెనకనుంచి, "మా ఇంట్లో కాదండీ," అన్నాడు. అందరికీ వినిపించింది.

కపాసా గారు గడియారం కేసి చూశారు. "నాలుగు కావస్తోంది. ఐదుదాకా నేను శిక్షకుణ్ణే. బండి యార్డులో ఉంది. మూడో అవకాశం కావాలా, చికండా తింటావా?"

(ఇక్కడ ప్రసంగం ముప్పై ఐదు నిమిషాలు ఆగింది. సభ మొత్తం యార్డు కంచె దగ్గరకు కదిలింది.)

అన్ని అంశాలూ రాయను. పది దాకా చేతులు వాటంతట అవే చేశాయి. పదకొండు దగ్గర దిగి, మూడుసార్లు తట్టి, ఓదీ అన్నాను. నవ్వు రాలేదు. ఆగాను. ఆగడం అంటే ఏమిటో నాకు కొత్త కాదు; పద్నాలుగేళ్ళు అన్నం ఉడికేదాకా, జ్వరం దిగేదాకా, బడి బస్సు వచ్చేదాకా ఆగాను. ఆ ఆగడం ఎప్పటికైనా లారీకి పనికొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పది లెక్కపెట్టాను. కింద వంగి చూశాను. ఎవరూ లేరు. ఎక్కాను, వెనక్కి నడిపాను, కొక్కెం పడిన చప్పుడు కంచెదాకా వినిపించింది.

(ప్రసంగం మళ్ళీ మొదలు.)

సభాధ్యక్షులు మన్నించాలి, నాకు ఊపిరి ఇంకా కుదురుకోలేదు. కాగితం నా చేతిలో ఉంది. సంతకం పడింది, నాలుగు ముప్పై మూడుకు. ఇందులో మూలన "అభ్యర్థి గత అనుభవం" అని ఒక గడి ఉంది. పేరు రాయించిన రోజు గుమాస్తా అడిగితే, లైసెన్సు చెల్లదు కదా అని నేనే ఖాళీగా వదిలేశాను. కపాసా గారు సంతకం పెట్టే ముందు ఆ గడి నింపారు. మీకు చదివి వినిపించమన్నారు. వద్దన్నాను, ఇక్కడికి వచ్చాక చదవాలనిపిస్తోంది. "నా మొదటి శిక్షకురాలు." (ఆగి) అంతే రాశారు. చేతిరాత మాత్రం రైల్వే.

నమ్వింగా గారూ, పట్టికలో పదకొండో అంశం చివర "జవాబు కోసం ఆగవలెను" అని చేర్చమని మనవి. కపాసా గారూ, మీరు విశ్రాంతి తీసుకుంటారని నేను నమ్మను, మీ ఆవిడ కూడా నమ్మదు, వంటింట్లోకి వెళ్ళి రైల్వే పద్ధతి చెప్పకండి. ఓపికగా విన్న పెద్దలకు, యార్డుదాకా నడిచి వచ్చిన మిత్రులకు, కుర్చీలు తిరిగి సర్దినవాళ్ళకు, సోమవారంనుంచి చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకోబోతున్న చిబేసాకు నా కృతజ్ఞతలు. ఫిదేలిస్ కపాసా గారికి నేను పడిన బాకీ, ఒక నిజం, వయసు పంతొమ్మిదేళ్ళు, ఈ సాయంత్రం సాక్షుల ఎదుట చెల్లు. ఇక నాకు సెలవిప్పించండి.