పెద్దసారు సంతకం పెట్టిన రెండు ఉత్తరాలు

కాదమ్మాయ్, నా మాట విను. ఆ చీటీల బోర్డు సంగతి మాత్రం లోపల ఇంటర్వ్యూలో ఎత్తకు. ఇంకేమైనా చెప్పుకో. పరిపాలన ప్రజల గడప దాకా వెళ్ళాలి అను, జవాబుదారీతనం అను, నీ ఇష్టం. ఆ ముగ్గురూ అలాంటి మాటల మీదే బతుకుతారు. చీటీలూ గుండుసూదులూ అని మొదలుపెట్టావనుకో, ఇదేదో బట్టలకొట్టు వ్యవహారం అనుకుంటారు.

అలా మొహం ముడుచుకోకు. ఇలా బెంచీ మీద కూర్చో. నిలబడి ఆ తలుపు వంక చూసినంత మాత్రాన ముందు పిలుస్తారా ఏం? లోపల ఇంకా ఆ రోడ్ల విభాగం ఆయనే ఉన్నాడు. ఆయన నోరు తెరిచాడంటే అరగంట.

ఏమడుగుతారో నాకు తెలీదా? ఈ చదువుకు పెట్టిన దరఖాస్తులోనే అడిగారుగా. ప్రజాసేవలోకి మీరు ఎందుకు రావాలనుకుంటున్నారో అయిదు వందల మాటల్లో రాయండి, అని. పందొమ్మిదేళ్ళు కొళాయిల ఫిర్యాదులు తీసుకున్నదాన్ని పట్టుకుని ఎందుకు రావాలనుకుంటున్నారంటే ఏం రాయను? ఇరవై ఏళ్ళు కాపురం చేసిన కోడల్ని పిలిచి, అమ్మా, ఈ ఇంటికి ఎందుకు రావాలనుకుంటున్నావు అని అడిగినట్టుంది. మా ఆయన అది చదివి, "రిటైరయ్యేలోపు ఏదో ఒక కారణం దొరుకుతుందిలే" అన్నాడు. ఆయనకు నా చదువంటే వేళాకోళం. సంచి తగిలించుకుని కూతురి వెంట కాలేజీకి పోతావా అంటాడు. దరఖాస్తు కంప్యూటర్లో నింపింది ఆ కూతురే. వయసు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆపి నా వంక చూసింది. నలభై అయిదు. వాళ్ళు పెట్టిన హద్దూ నలభై అయిదే.

అవును, నాకిదే ఆఖరి ఏడు. నీకు ముప్ఫై దాటి ఏడాది. ఇంకో పద్నాలుగు సార్లు పెట్టుకోవచ్చు. మన ఆఫీసు నుంచి ఒక్కరికే సెలవిచ్చి పంపుతారని నీకూ తెలుసు, నాకూ తెలుసు. రెండేళ్ళ చదువు, తిరిగొస్తే అధికారి కుర్చీ. రాకపోతే అదే బల్ల, అదే ముద్ర, అదే ప్యాడు.

లేదు, లేదు. నిన్ను తప్పుకోమనడం లేదు. బోర్డు గురించి చెప్పకు అంటున్నా, అంతే.

మంచి పని కాదని ఎవరన్నారు? ఆ ముసలాయన పదకొండోసారి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాగా. వీధి కొళాయికి నీళ్ళు రావడం లేదని అర్జీ ఇచ్చి ఆర్నెల్లు. ఈ కిటికీ దగ్గరికెళ్తే ఆ కిటికీ అనేవాళ్ళు, ఆ కిటికీ దగ్గరికెళ్తే ఈ కిటికీ అనేవాళ్ళు. చివరికి నువ్వు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేల మీద కూర్చుని వెతికితే, ఆయన అర్జీ నాలుగు మడతలై నా బల్ల కాలు కింద దొరికింది. బల్ల ఊగుతోందని బంట్రోతు పెట్టాడు. ఆర్నెల్లు నా బల్ల ఊగకుండా నిలబడింది ఆయన నీళ్ళ మీద.

మర్నాడే కదూ నువ్వా అట్టముక్క తెచ్చి గుమ్మం దగ్గర కొట్టింది? అర్జీ ఇచ్చినవాళ్ళకు చీటీలో సగం, బోర్డు మీద సగం. కాయితం ఏ బల్ల మీదికి పోతే చీటీ ఆ బల్ల గడిలోకి పోవాలి. చదువురానివాళ్ళ కోసం బల్లకో రంగు. నేనేమన్నానో గుర్తుందిగా? కొరివితో తల గోక్కోకే తల్లీ, రేపు ఎవరి గడిలో చీటీలు గుట్టపడితే వాడు నీ మీద పడతాడు అన్నాను. మొదట పడింది నేనే. ఎర్రగడి నాదే కదా. మూడు నెలలు తిరిగేసరికి కిటికీల ముందు జనం సగమయ్యారు. ఆ ముసలాయన వీధికి నీళ్ళు వచ్చాయి. కాదనను.

మరి చెప్తే తప్పేంటంటావు. నీకు చెప్పుకోవడానికి అదొక్కటే ఉందంటావు.

నాకు తెలుసు. అదే వచ్చిన చిక్కు.

ఒక కథ చెప్తా విను. చిన్నదే. మా నాన్న బడిపంతులు, ఏ మాట చెప్పాలన్నా కథ దగ్గర మొదలుపెట్టేవాడు, ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఒక సంతలో ఒక కాటావాడు ఉండేవాడట. అబద్ధం ఆడడు, తప్పు రాయి వెయ్యడు. కొనేవాళ్ళు వచ్చి, గింజ ఎలా ఉందయ్యా అంటే, బాగుంటే బాగుందనేవాడు. పుచ్చు పట్టి ఉంటే, "గోనె మాత్రం గట్టిది" అనేవాడు. అంతే. కొనేవాడికి సంగతి అర్థమయ్యేది, అమ్మేవాడికి కోపమూ వచ్చేది కాదు. గోనెను మెచ్చుకున్నాడు కదా. ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక సంతనాడు ఆయన సొంత గింజ తెచ్చుకున్నాడు. పక్కనే ఇంకొకరి బస్తా, గింజ ముత్యాల్లా ఉంది. కొనేవాడొచ్చి, ఆ బస్తా సంగతేంటయ్యా అన్నాడు. కాటావాడు దాని వంక చూశాడు, తన బస్తా వంక చూశాడు. "గోనె మాత్రం గట్టిది" అన్నాడు.

మా నాన్న అక్కడ ఆపి, పిల్లలూ, వీడు అబద్ధం ఆడాడా అని అడిగేవాడు. సగం బడి ఆడాడనేది, సగం బడి లేదనేది. ఆయన మాత్రం ఏ ఏడూ జవాబు చెప్పలేదు.

ఎందుకు చెప్తున్నానా? ఉండు, వస్తున్నా.

పెద్దసారు సంగతి నీకు తెలుసు. ఆయన చేత్తో ఒక్క ఉత్తరం రాసిన పాపాన పోలేదు. ఎవరేం అడిగినా, "రాసుకురండి, సంతకం పెడతా" అనడమే. రాసేది నేను. పై అధికారికి సంజాయిషీ అయినా, పెళ్ళికి రాలేనని క్షమాపణ అయినా నేనే. పోయిన రెండేళ్ళూ నా దరఖాస్తు ఆపింది కూడా అందుకే. "నువ్వెళ్తే ఉత్తరాలు ఎవరు రాస్తారమ్మా" అన్నాడు మొహం మీదే. ఈ ఏడు ఆయనే రిటైరవుతున్నాడు. ఇంక ఆయనకేం, ఇద్దరివీ పంపిద్దాం అన్నాడు.

నువ్వు సిఫారసు ఉత్తరం కావాలని ఆయన గదిలోకి వెళ్ళొచ్చావే, ఆ మధ్యాహ్నం నన్ను పిలిచాడు. "ఆ పిల్లకు కూడా ఒకటి రాసెయ్యి, నీదెలాగూ రాస్తావుగా" అన్నాడు.

అవును. నీది నేనే రాశాను.

చెడు రాయలేదు. ఒట్టు, ఒక్క అక్షరం చెడు లేదు. వేళకు వస్తుంది అని రాశా. నిజమే కదా? చేతిరాత పొందికగా ఉంటుంది, పైవాళ్ళ మాట జవదాటదు, సెలవులు తక్కువ పెడుతుంది. అన్నీ నిజాలే. నువ్వు చదివి ఉంటే మురిసిపోయి నా చేతులు పట్టుకునేదానివి.

నువ్వు ఆఫీసుకొచ్చి ఆరేళ్ళే. ఇంకా తెలీదు. మన ఆఫీసుల్లో ఎవరి గురించీ చెడు రాయం. చెడు రాయాల్సి వస్తే ఇవి రాస్తాం. మధ్యాహ్నానికే తూలే ఆ గుమాస్తా ఉండేవాడే, వాణ్ణి ఇంకో ఆఫీసుకు పంపుదామని పెద్దసారు అంటే, చేతిరాత ముచ్చటగా ఉంటుందని నేనే రాశా. అవతలివాళ్ళు తిరుగు టపాలో ఖాళీ లేదని రాశారు. ఆ లోపల మధ్యలో కూర్చున్న పెద్దమనిషి ముప్ఫై ఏళ్ళు ఆఫీసులు నడిపి వచ్చినవాడు. వేళకు వస్తుంది అన్న మాట దగ్గరే ఆయనకు నీ సంగతి తెలిసిపోయుంటుంది. రాతపరీక్షలో మార్కులు దంచేశావు కాబట్టి ఈ బెంచీ దాకా వచ్చావు.

అలా చూడకు. తిట్టు. తిడితే బాగుంటుంది.

ఇంకా ఉంది.

నా ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఎంతోమందికి రాశాను కదా, నాది ఎంతసేపు అనుకున్నా. తెల్లకాయితం ముందు పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నా. ఏం రాయను? పందొమ్మిదేళ్ళు. ఏ ఫైలూ పోగొట్టలేదు. ఎవరితోనూ మాట పడలేదు. వేళకు వచ్చాను. చేతిరాత బాగుంటుంది. చదువుకుంటే అది నీకు రాసిన ఉత్తరమే. కాకపోతే నా విషయంలో అంతకుమించి లేదు.

అప్పుడు గుమ్మం వంక చూశాను. ఎవరో పెద్దావిడ చీటీ చేత్తో పట్టుకుని, బోర్డు మీద పచ్చగడి వెతుక్కుంటోంది.

రాసేశాను. అర్జీల జాడ అర్జీదారుకే తెలిసేలా ఈమె ఒక పద్ధతి నెలకొల్పింది, మూడు నెలల్లో రద్దీ సగం తగ్గింది, అని. విభాగానికి పెద్దని నేనే కదా, విభాగంలో ఏం జరిగినా పెద్ద పేరు మీదే పోవడం ఆనవాయితీ కదా, అని నాకు నేనే చెప్పుకున్నా. పై ఆఫీసుకు పంపే నివేదికల్లో అలాగే రాస్తాం. ఎవరూ తప్పనరు. ముసలాయన సంగతి కూడా రాశా. బల్ల కాలు కింద అర్జీ దొరికిందని రాశా. దాన్ని తీసింది నేనని రాశా.

పెద్దసారు రెండూ ఒకేసారి ముందు పెట్టుకున్నాడు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. రెండు సంతకాలు గీకి, ముద్ర నువ్వే వేసెయ్యి అన్నాడు. వేశాను.

ఇప్పుడర్థమైందా ఎందుకు వద్దంటున్నానో? ఇందాక ఆ నీళ్ళకుండ దగ్గర నువ్వు నవ్వుతూ, "అక్కా, నేను మన బోర్డు కథే చెప్తా, మన ముసలాయనతో మొదలుపెడతా" అన్నావు. మన బోర్డు అన్నావు. లోపల నా ఉత్తరం వాళ్ళ ముందే ఉంది. నువ్వు అదే ముసలాయన, అదే బల్ల కాలు చెప్తావు. వాళ్ళు రెండు ఉత్తరాలు పక్కపక్కన పెట్టుకుంటారు. ఒకదాంట్లో ఆఫీసు ముద్రతో, పెద్దసారు సంతకంతో ఆ పని నాది అని ఉంది. రెండోదాంట్లో నువ్వు వేళకు వస్తావని ఉంది. ఎవర్ని దొంగంటారో నువ్వే చెప్పు.

నీ మేలు కోరి చెప్తున్నా అనుకున్నావేమో. నేనూ అలాగే అనుకున్నా, ఈ బెంచీ మీద కూర్చునే దాకా. పిలిచే జాబితాలో నీ పేరు నా పేరుకంటే ముందుంది. నా తర్వాత నిన్ను పిలిచేలా ఉంటే ఈ మాటలేవీ చెప్పేదాన్ని కాదు. నేను చెప్పాల్సింది చెప్పుకుని, బాగా చెయ్యమ్మా అని నీకు చెప్పి, బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని.

పెద్దసారు దగ్గరికి పోయి ఏం లాభం? ఆయన కూతురి ఊళ్ళో ఉన్నాడు. ఉన్నా, చదవకుండా పెట్టానని ఒప్పుకుంటాడా?

అదుగో, రోడ్ల ఆయన బయటికొచ్చాడు. చెమటలు చూడు. కూర్చో, ఆ గుమ్మం దగ్గర మనిషి పిలిచాక లేద్దువుగాని.

చెప్పనా వద్దా అని నన్నడిగితే నేనేం చెప్పను? చెప్పుకో. నీ పని నువ్వు చెప్పుకోవడానికి నా అనుమతి ఏంటి. బోర్డు సంగతే చెప్పు, ముసలాయనతోనే మొదలుపెట్టు. మెల్లగా చెప్పు. రంగులు ఎందుకు పెట్టావో తప్పకుండా చెప్పు, నా ఉత్తరంలో రంగుల మాట లేదు. అది నాకు తట్టలేదు.

తర్వాత నన్ను పిలుస్తారు. ఆ పెద్దమనిషి కళ్ళజోడు పైనుంచి చూసి, అమ్మా, ఈ పని మీ ఇద్దరిలో ఎవరిది అంటాడు. ఆ అమ్మాయిదే అని చెప్పాలి. చెప్పాలనే అనుకుంటున్నా.

మాటివ్వమనకు. అదుగో, నిన్నే పిలుస్తున్నాడు, వెళ్ళు. అనుకోవడానికేముంది తల్లీ, ఆవేళ నీ ఉత్తరం రాయడానికి కలం తీసినప్పుడు కూడా న్యాయంగా రాద్దామనే అనుకున్నాను.