వెనక స్ప్రింగు

వాన వెలిసిన ఆదివారం, భవానీపురంలో ఒక ఇంటి వరండా. మోకాలికి పట్టీ వేసుకున్న భర్త పీట మీద కూర్చుని, వన్ టౌన్‌లో విడిభాగాలు కొనుక్కొచ్చి తానే బిగించిన సైకిలుకి ముందూ వెనకా స్ప్రింగులు సరిచూస్తున్నాడు. భార్య పక్కనే నిలబడి ఉంది.

“ఒకసారి క్యారియర్ మీద కూర్చో. వెనక ఎంత దిగుతుందో చూస్తా.”

“ఎంత దిగాలండీ?”

“ముందు రెండు వేళ్ళు దిగితే వెనకా రెండు వేళ్ళే దిగాలి. ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటే గతుకుల్లో నీ నడుం పోతుంది.”

“ఇంకెప్పుడూ సైకిలు తొక్కొద్దన్నారుగా డాక్టరుగారు.”

“ఆయన అలాగే అంటారు. మరి సాయంత్రాలు కృష్ణ ఒడ్డుకి ఎలా వెళ్తాం?”

“దీని మీదే వెళ్దాం. క్యారియర్ మీద మీరు కూర్చోండి.”

“తొక్కేదెవరు?”

“నేనే.”

“నీకు రాదుగా.”

“మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్కింటి ఉష సైకిలు మీద నేర్చుకున్నా. వెనక ఉషని ఎక్కించుకుని కూడా తొక్కా.”

“మోచేతులు గీరుకుపోతే బాత్రూంలో జారానన్నావు.”

“నిజం చెప్తే నేర్చుకోనిచ్చేవారా మీరు?”

అతను పీటని వెనక చక్రం దగ్గరికి జరుపుకున్నాడు.

“ఆ పానా ఇలా ఇవ్వు.”

“ఎందుకండీ? నేనింకా కూర్చోనేలేదుగా.”

“మనిద్దరం చోట్లు మారాం కదా. వెనక్కి నేనొస్తే స్ప్రింగు ఇంకా బిగించాలి. ముందుది కాస్త వదులు చేస్తా, నీ మోచేతులింకా మానలేదు.”