బాలమల్లు మోకాలు, అనంతమ్మ చాయ్

బాలమల్లుకు మోకాలి చిప్ప మార్చి ఎనిమిది నెలలయింది కానీ, శంషాబాద్‌లో గోపయ్య చాయ్ హోటల్ దగ్గర ఆ ఆపరేషన్ రోజూ జరుగుతూనే ఉంది. ఎయిర్‌పోర్టు వచ్చిన మూడో ఏడు అది. ఆ పొద్దున వినడానికి కొత్త మనిషి దొరికింది, అనంతమ్మ. ఆ రోజే ఆమె మోకాలికి ఆపరేషన్. కొడుకు ఆటో తేవడానికి పోతే బల్ల మీద కూర్చుంది. రెండేళ్లుగా నాటుకు వంగలేక, బస్సు మెట్టెక్కలేక విసిగి ఒప్పుకుందే కానీ, తెల్లవారినప్పటి నుంచి ఒకటే భయం. ఎవరైనా ఒక ధైర్యం మాట చెబితే బాగుండనిపించింది.

"గోపయ్యా, చెల్లెకు ఒక చాయ్ ఇయ్యి," అన్నాడు బాలమల్లు.

"ఏం తినొద్దు, తాగొద్దన్నరన్నా."

"నాకు గూడ అన్నరు. రెండు చాయ్‌లు తాగి పోయిన. ఏమైంది?"

పెద్దమనిషి ఇప్పించిన చాయ్ కాదనలేక అనంతమ్మ గ్లాసు చేతిలో పట్టుకుంది.

"పోంగనే బీపీ చూసిన్రు, కాలు మీద పెన్నుతోని గుర్తు పెట్టిన్రు, లోపటికి తీస్కపోయి నడుముల సూది ఇస్తమన్నరు. పొలంల ముండ్లు దిగినప్పుడు నాకెవడిచ్చిండు సూది, గట్లనే కానియ్యి డాక్టర్ సాబ్ అన్న. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"డాక్టర్‌కే సూది ఇచ్చిన్రా?" అన్నాడు గోపయ్య చాయ్ వడకడుతూ.

"ఆయనకు చేతులు వణికినయి పాపం. సుత్తె ఇటియ్యమని నేనే కొట్టుకున్న. ఆ సప్పుడు పహాడీ షరీఫ్ దాంక ఇనబడ్డదంట. కొత్త చిప్ప పడంగనే లేచి నిలబడ్డ. పట్టుకొని నడువుమని స్టాండ్ ఇస్తే దాన్ని సంకల పెట్టుకొని షాద్‌నగర్ పోయి, అంగట్ల ఎడ్లను జూసి, పొద్దుగూకకముందే వచ్చి మంచంల పండుకున్న. ఇగ ఇంకోటి ఇను. నా మోకాళ్ల ఇనుముకు ఎయిర్‌పోర్టు మిషన్లు పరేషాన్ అయినయి. మూడు విమానాలు దిగకుండ మా ఇంటి మీదనే తిరిగినయి. డాక్టర్ ఫోన్ జేసి, బాలమల్లన్నా, జర కాలు అవతల దిక్కు తిప్పి పండుకో అన్నడు."

గోపయ్య నవ్వాడు. అనంతమ్మ నవ్వలేదు. విమానాల సంగతి ఆమె చెవికెక్కనే లేదు, సూది లేకుండా సుత్తెతో కొట్టారన్న దగ్గరే ఆగిపోయింది.

"నేను ఇంటికి పోతన్నా," అంది సన్నగా. "కుంటుకుంటనే బతుకుత." నోరెండిపోయి గ్లాసు పెదవుల దాకా తెచ్చింది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసు లాక్కుంది. మొగుణ్ని వెతుక్కుంటూ వచ్చిన బాలమల్లు భార్య కౌసల్యమ్మది ఆ చెయ్యి.

"గీ చాయ్ తాగి పోయినందుకే ఈయనను వాపస్ పంపిన్రు. కడుపుల ఏదన్న ఉంటే మత్తియ్యరంట. పదిహేను దినాలకు మల్ల పిలిసిన్రు. సూది ఇచ్చిన్రు అనంతమ్మా, నడుము కింద ఏం తెల్వలే. సప్పుడుకే భయపడి నర్సు చెయ్యి ఇడువలేదంట, ఆ పిల్ల వేళ్లు ఎర్రగైనయి. మత్తు దిగినంక నొప్పి లేసింది, మందులిచ్చిన్రు. తెల్లారి ఇద్దరు పట్టుకుంటే నడిసిండు. షాద్‌నగర్ కాదు, బాత్రూం దాంక."

"విమానాలు మాత్రం తిరిగినయి," అని గొణిగాడు బాలమల్లు.

తెల్లవారినప్పటి నుంచి మొదటిసారి అనంతమ్మకు నవ్వొచ్చింది. ఇంత కోతలు కోసే మనిషే వణికిపోయి, అయినా లేచి నడిచాడంటే తనకేం తక్కువ అనుకుంది. అంతలో ఆటో వచ్చింది. కొడుకు భుజం పట్టుకుని ఎక్కి కూర్చుని, తల బయటపెట్టింది.

"అన్నా, ఆ చాయ్ నువ్వే తాగు. ఇయ్యాల నీకు ఆపరేషన్ లేదు గదా."